నూట ఇరవై ముఖాలు

"మా పెద్దమ్మ ముక్కు మరీ లావైందట. కాస్త సన్నం చెయ్యవూ?" అన్నాడతను, కెమెరా కంటి మీంచి తియ్యకుండానే.

ఆమె ఆ ముక్కును అప్పటికే మూడుసార్లు గీసింది. మొదటి ముక్కుకు పెద్దమ్మ అలిగింది. సన్నం చేస్తే, "ఈవిడెవరు, మా ఆవిడేది?" అని పెద్దనాన్న అలిగాడు.

అతను యాడ్ ఫిల్ములు తీస్తాడు. ఆమె పిల్లల పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. పెళ్లి అనుకున్నప్పుడే, ఊరందరిలా అచ్చు కార్డులు వద్దన్నాడు. "ప్రతి కార్డు మీదా ఆ అతిథి ముఖమే ఉండాలి, చేత్తో గీసింది. మన పెళ్లి మన చేతుల మీదుగా జరగాలి." ఆ మాటకు ఆమె పొంగిపోయింది. చేతులన్నాడే గాని ఎవరివో చెప్పలేదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

అతిథులు నూట ఇరవై మంది. అరవై ముఖాలు పూర్తయ్యాయి. భోజనాల బల్ల నిండా కార్డులు పరుచుకోవడంతో నెల రోజులుగా ఇద్దరూ వంటగట్టు దగ్గర నిలబడే తింటున్నారు. ఆఫీసు పని అరకొరగా సాగుతోంది. నిన్న సైన్సు పుస్తకంలో కప్ప బొమ్మ వేస్తూ, ఏమరుపాటున దానికి అతని బాబాయి మీసాలు పెట్టేసింది. ఎడిటర్ గారు కళ్లజోడు సవరించుకుని, "ఈ జాతి ఎక్కడ దొరికిందమ్మా?" అని అడిగారు.

కాబోయే అత్తగారు మాత్రం రోజూ ఫోనులో ధైర్యం చెబుతుంది. "చెయ్యి తిరిగినదానివి, నీకెంతసేపమ్మా! మావాడే పాపం, ఆలోచించీ ఆలోచించీ చిక్కిపోయాడు."

అమ్మలా పెళ్లినాడే వంటింట్లో మాయమైపోకూడదని ఆమె ఎప్పుడో అనుకుంది. చదువుకుంది, ఉద్యోగం చేసింది, తన రంగం మనిషినే ఎంచుకుంది. వంటిల్లు తప్పించుకున్నాననే అనుకుంది. తీరా చూస్తే అదే వంటిల్లు రంగులు పూసుకుని బల్ల మీదికొచ్చి కూర్చుంది.

"మన పెళ్లి తయారైన కథ, ఫస్ట్ కట్ చూస్తావా?" అంటూ అతను ల్యాప్‌టాప్ ముందు పెట్టాడు.

ఏడు నిమిషాల సినిమా. అందులో ఆమె వేళ్లు, ఆమె మెడ, ఆమె ఆవలింత. అతనిది గొంతొక్కటే. "ఇంకొంచెం ప్రేమగా గియ్యి." "చెయ్యి పక్కకు తియ్యి, వెలుతురు పడట్లేదు." చివర్లో పేర్లు పడ్డాయి. ఆలోచన, రచన, దర్శకత్వం అతను. తర్వాత సంగీతమిచ్చిన స్నేహితుడు. ఆ కింద, చిన్న అక్షరాల్లో, సహకారం అని ఆమె పేరు.

ఆమెకు రాబోయే ముప్ఫై ఏళ్లూ ఆ చిన్న అక్షరాల్లోనే కనిపించాయి. ఇల్లు అతను కట్టాడు, పిల్లల్ని అతను పెంచాడు, సహకారం ఆమె.

"ఎలా ఉంది?" అన్నాడు ఆశగా.

"ఉన్నదున్నట్టు తీశావు," అంది. నవ్వొచ్చింది. ఏడుపు రానందుకు తనకే ఆశ్చర్యమేసింది. కుంచె కడిగి, తుడిచి, మిగిలిన అరవై ఖాళీ కార్డుల కట్ట అతని ముందుకు జరిపింది. "ఇక నీ చేతులు."

"నాకు బొమ్మలు రావే! బంగాళాదుంపల్లా వస్తాయి."

"రానీ. పెద్దమ్మతో మొదలుపెట్టు. ముక్కు సంగతి ఆవిడకు నువ్వే చెప్పుకో."

"ఆటలా? మూడు వారాల్లో పెళ్లి!"

"ఎక్కడుంది? ఒక్క కార్డు మీద చూపించు." తేదీలన్నీ చివర్లో ఒకేసారి రాద్దామని ఆమె ఆ చోటు ఖాళీగానే వదిలేసింది. "నీ అరవై పూర్తి చెయ్యి, అప్పుడు రాస్తాను. పూర్తి కాకపోతే రాయను."

అతను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. కెమెరా బల్ల మీద పెట్టి, పెన్సిలు తీసుకున్నాడు.

అంతలో అత్తగారి ఫోను. "కార్డులెప్పుడు పంచుతారమ్మా?"

"మీ అబ్బాయి గీస్తున్నాడత్తయ్యా. సగం ముఖాలు తన వంతు. అవయ్యాకే పెళ్లి."

అత్తగారు గొంతు తగ్గించి బతిమాలింది. "నా ముఖమైనా నువ్వు గియ్యమ్మా. వాడి చేతిలో పెట్టకు, నీకు పుణ్యముంటుంది."

"మీది అతని కట్టలోనే ఉందత్తయ్యా," అంది ఆమె, కుర్చీలో వెనక్కి వాలుతూ.