నాన్న డైరీలో వేపాకు

ఎండిన వేపాకు వాసన...

పెట్టె మూత తీయగానే అదే ముందు వచ్చింది. చెదలు పట్టకుండా నాన్న ప్రతి డైరీలోనూ ఆకులు పెట్టేవాడు. వేలు తగిలితే చాలు, పొడి అయిపోతున్నాయి.

భయంగా ఉంది.

ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు. భయంగా ఉంది, అంతే.

పొద్దున బడిలో కన్నడ పాఠం చెబుతున్నాను. ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే. అక్షరాలు కనబడ్డాయి — మన అక్షరాలకు తోబుట్టువులే కదా అవి. నోరు చదువుకుంటూ పోయింది. అర్థం మాత్రం రాలేదు. ఒక్క మాటకూ రాలేదు. పిల్లలు నా వెనకే వల్లించారు. ఎవరికీ తెలియలేదు.

గంట కొట్టాక అంతా తిరిగొచ్చింది. నిద్ర చాలక అయ్యుంటుందిలే, ఏం పిచ్చి భయమే నీకు, అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా నేరుగా ఇంటికొచ్చి మంచం కింది నుంచి ఈ పెట్టె లాగాను.

కిటికీ అవతల వేపచెట్టు. దాని గాలి కూడా వేడిగానే ఉంది.

నాన్నవి మూడు భాషలు. రాయచూరులో పుట్టినవాడికి అదేం గొప్ప కాదు. పత్తి మిల్లులో గుమస్తా — మిల్లు సంగతులు కన్నడలో రాసేవాడు. చిన్నప్పటి చదువు ఉర్దూలో, కాబట్టి బజారూ దోస్తులూ ఉర్దూలో. ఇల్లు తెలుగులో. ఒకే పేజీలో మూడూ పక్కపక్కనే.

పేజీలు తిప్పాను...

ఒక ఏడు కన్నడ పలచబడింది. మరుసటేడు లేదు.

తర్వాత ఉర్దూ పోయింది.

చివర నేర్చింది ముందు పోయింది.

తెలుగు మిగిలింది. "కావేరి వచ్చింది. జొన్నరొట్టె, పుంటికూర తెచ్చింది."

కావేరి నేనే.

ఇంకొన్ని ఆకుల అవతల — "ఎవరో ఆమె వచ్చింది. రొట్టె పెట్టింది. మంచిది."

ఆ తర్వాత అన్నీ ఖాళీ పేజీలు. వాటిలోనూ ఆకులున్నాయి. రాయడం మరిచిపోయినా ఆకు పెట్టడం మరవలేదు నాన్న.

వంటింట్లో నా కూతురు సంజన ఏదో కూనిరాగం తీస్తోంది. ఒకనాటికి అదీ నాకు ఎవరో ఆమె అవుతుందా?

పెట్టె అడుగున ఆయన కళ్లద్దాల డబ్బా. చూడగానే గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఎవరు కన్నడ కాగితం ఇచ్చినా నాన్నది ఒకటే మాట — అద్దాలు యాడనో పెట్టిన. అవి ఆయన ముక్కు మీదనే ఉండేవి. మేమంతా విరగబడి నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు. లోపల ఎంత భయపడి ఉంటాడో ఇప్పుడు తెలుస్తోంది.

సంజన నా ఫోన్ పట్టుకొచ్చింది. కన్నడ గడగడా మాట్లాడుతుంది గానీ చదవమంటే దానికి బద్ధకం.

"మీ పెద్ద మేడమ్ మెసేజ్ పెట్టింది. ఏం రాసిందో సదువమ్మా."

చూశాను. అక్షరాలన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ పలుకుతోంది... పలుకుతోంది...

"అద్దాలు యాడనో పెట్టిన బిడ్డా."

సంజన పకపకా నవ్వింది.

"కండ్లకే ఉన్నయి గదమ్మా."

నేనూ నవ్వాను.

నవ్వుతూనే కిటికీలోంచి చేయి చాచి ఒక రెమ్మ తుంచాను. ఎందుకో తెలియదు. చేయి దానంతట అదే పోయింది. ఖాళీ పేజీ తెరిచి అందులో పెట్టాను —

పచ్చి వేపాకు వాసన...