ఆరు మెలికల కడ్డీ

మొదటిసారి పన్నెండు గుడ్లలో తొమ్మిది పగిలాయి.

పెట్టెను పరీక్షించడానికి నాకు తోచిన దారి అదొక్కటే. పాత నేత చీరను నాలుగు మడతలు వేసి, మడతల మధ్య గుడ్లు సర్ది, ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా బుల్లెట్ మీద వెళ్లి రమ్మని మావారిని పంపాను. తిరిగొచ్చాక ఆయన మూత తీసి చూసి, "ఉప్పు, కారం వేసుంటే అట్టు అయ్యేది" అన్నారు.

మావారి పేరు డేవిడ్‌రాజు. ఆత్మకూరులో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. ఆ సంవత్సరం, అంటే తొంభై నాలుగులో, క్షయ ఉందేమోనని అనుమానం ఉన్నవాళ్లకు పల్లెల్లోనే తెమడ పరీక్ష చేయాలని ఆసుపత్రి వాళ్లు ఆయనకు ఒక మోటారు సైకిలు, ఒక మైక్రోస్కోపు ఇచ్చారు. తొలి ప్రయాణంలో ఆయన మైక్రోస్కోపును గుడ్డ సంచిలో పెట్టి వెనక సీటుకు తాడుతో కట్టుకుపోయారు. వరికుంటపాడు చేరేసరికి లోపలి అద్దం కదిలిపోయింది. తెమడ డబ్బాలు చేత పట్టుకుని బడి అరుగు మీద కూర్చున్న ముప్పై మందికి పైగా జనాన్ని వెనక్కి పంపేశారు.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే పల్లెలకు పోవడం మానేద్దాం రాజూ. అవసరమున్న వాళ్లే ఇక్కడికొస్తారు" అన్నారు డాక్టరుగారు.

వాళ్లు రారని మావారికి తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు. మా అమ్మ రాలేదు. మరో ప్రయాణానికి మూడు వారాల తరవాతి సోమవారం ఖాయమైంది. ఆలోపు మైక్రోస్కోపుకు గట్టి పెట్టె కావాలి.

మోటారు సైకిళ్ల గురించి నాకు తెలిసింది తక్కువ. ఇంట్లో వాడే పెట్టెల గురించి మాత్రం కొంత తెలుసు. నెల్లూరు నుంచి తెచ్చిన ఫైబరు పెట్టెలు నున్నగా, తాళాలతో చూడ ముచ్చటగా ఉన్నాయి. మూత మీద బిందెడు నీళ్లు పోస్తే తాళం దగ్గర గ్లాసెడు లోపలికి పోయాయి. తొమ్మిది గుడ్లు పగిలింది వాటిలోనే. తరవాత రేకు పెట్టె. మూత అంచు కిందికి దిగి ఉంటుంది కాబట్టి నీళ్లు పోలేదు, కానీ దారి పొడవునా డప్పులా మోగిందట. మూడోది మిలిటరీ వాళ్లు వేలం వేసిన ఇనుప పెట్టె. మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉంది. చుక్క నీరు దూరలేదు. అటువంటివే రెండు తీసుకున్నాం. అందులోనూ ఏడు గుడ్లు పగిలాయి.

అప్పుడు నాకు అర్థమైంది, లోపం పెట్టెది కాదు, పెట్టెను బండికి పట్టి ఉంచిన క్లాంపులది. బయలుదేరే ముందు ప్రతి బోల్టు మీదా, దాని పక్కన ఇనుము మీదా కలిసేలా సుద్దముక్కతో ఒక గీత గీసి ఉంచాను. తిరిగొచ్చాక చూస్తే ఎనిమిదింటిలో ఆరు గీతలు విడిపోయి ఉన్నాయి, అంటే బోల్టులు వదులయ్యాయి.

బస్టాండు వెనక వెల్డింగు షెడ్డు పెట్టుకున్న మస్తానయ్య ఆ గీతలను వంగి చూశాడు. "ఈ క్లాంపులు టౌన్లో తిరిగేవాళ్లకమ్మా. కొండాపురం రోడ్డుకు పనికిరావు. బండి చాసిస్‌కే ఫ్రేము కట్టాల."

సైలెన్సరు కుడివైపు ఉంటుంది. వేడి తగులుతుంది కాబట్టి స్పిరిటు, మైక్రోస్కోపు ఎడమవైపు, స్లైడ్ల పెట్టె కుడివైపు అని నేను కాగితం మీద గీసి ఇచ్చాను. ఎడమవైపు పెట్టె రావాలంటే అక్కడున్న చీర గార్డు, ఆడవాళ్లు కాళ్లు పెట్టుకునే మెట్టు తీసేయాలి.

"మరి మీరెట్ట కూచుంటారమ్మా?" అన్నాడు మస్తానయ్య.

"నేను బస్సులో పోతాను."

షెడ్డులో తిరగేసిన డ్రమ్ము మీద కూర్చుని టీ తాగుతున్న మా నాన్న నవ్వాడు. ఆయన పేరు ఓబయ్య. రోడ్డు రోలరు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఉదయగిరిలో ఉంటాడు, వారానికోసారి మునగాకో చింతకాయలో పట్టుకుని మా ఇంటికి వస్తాడు. "పెళ్లిలో కూడా ఇంత పరీక్ష పెట్టలేదురా మస్తానూ. అల్లుణ్ణి ఒక్క తూరి చూసి సరేననింది" అన్నాడు.

"ఆ రోజు గుడ్లు దొరకలేదు మామా" అన్నారు మావారు.

ఫ్రేముకని మస్తానయ్య చూపించిన కొత్త కడ్డీని రెండు ఇటుకల మధ్య పెట్టి, మావారిని ఎక్కి నిలబడమన్నాను. వంగింది.

"ఇది వంగింది కదయ్యా."

"ఇప్పుడొచ్చేదంతా ఇంతేనమ్మా. పాతకాలం చదరపు కడ్డీ అయితే వేరే మాట. అది ఇప్పుడు ఏడ దొరుకుద్ది?"

"అయితే పాతదే కావాలి. దొరికేదాకా కొత్తది పెట్టొద్దు" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. నాన్న టీ గ్లాసు కింద పెట్టి, "ఎన్నడుగులు పడుద్దిరా?" అని అడిగాడు. "పన్నెండన్నా" అన్నాడు మస్తానయ్య. వాళ్లిద్దరూ ఇనుము గురించి ఎప్పుడూ మాట్లాడుకునేవాళ్లే కాబట్టి నేను పట్టించుకోలేదు.

పది రోజుల్లో ఫ్రేము తయారైంది. ఒక్కో వైపు మూడేసి మెలికల కడ్డీలు, నిగనిగలాడే నల్లరంగు. ఏ పాత కిటికీవో అనుకున్నాను. మళ్లీ గుడ్లు పెట్టి పంపాను. ఒక్కటీ పగల్లేదు. ఎనిమిది సుద్దగీతలూ గీసినచోటే ఉన్నాయి. ఆ సాయంత్రం పన్నెండు గుడ్లూ పులుసు పెట్టాను.

శనివారం ఉదయం, ఎల్లుండి ప్రయాణం కదా అని, బండిని కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నాను. ఎడమవైపు పెట్టె ఒరుసుకున్నచోట నల్లరంగు కొద్దిగా లేచింది. దాని కింద వెండిరంగు కనిపించింది. పాత ఇనుము కదా అనుకున్నాను. గోటితో ఇంకొంచెం గీకాను. వెండిరంగు మందంగా, పొరలు పొరలుగా ఊడింది. అన్నిటికన్నా అడుగున నీలం ఉంది.

ఆ నీలం మా ఉదయగిరి ఇంటి కిటికీలది.

నాకు పద్నాలుగేళ్లప్పుడు మా అమ్మ రెబెకమ్మ రెండు నెలలు దగ్గి దగ్గి చనిపోయింది. వారం తిరక్కుండానే నాన్న రోడ్ల డిపార్టుమెంటు కొలిమిలో చదరపు కడ్డీలు కాల్చి, తన చేత్తో మెలికలు తిప్పి, సమాధి చుట్టూ రెండడుగుల ఎత్తు కంచె కట్టాడు. మొదటి సంవత్సరం కిటికీలకు వేయగా మిగిలిన నీలం వేశాం. ఆ తరవాత ప్రతి ఈస్టరుకు ముందురోజు వెండిరంగు వేస్తున్నాం. వేసేది నేనే. ప్రతి కడ్డీకి ఏడు మెలికలు. ఒక్కదానికి మాత్రం ఆరు.

చేతిలో గుడ్డ పట్టుకునే లెక్కపెట్టాను. కుడివైపు ఏడు, ఏడు, ఏడు. ఎడమవైపు ఏడు, ఏడు. చివరిదాన్ని రెండుసార్లు లెక్కపెట్టాను. ఆరు.

నేలమీద కూర్చుండిపోయాను.  మావారు బయటికొచ్చి, "ఏమైంది సుకుమారీ?" అని అడిగితే కడ్డీ వైపు చెయ్యి చూపించాను.  ఆయన చూశారు, నీలం మీద వేలితో రుద్ది చూశారు, తరవాత ఆయన కూడా నా పక్కనే కూర్చున్నారు.

"ఎవడో దొంగిలించి అమ్మినాడు" అన్నాను చివరికి. "వెంటనే తీసేయించండి."

"తీసేయిస్తాం. సోమవారం గడవనీ. నలభై మంది ఎదురుచూస్తా ఉంటారు."

"మా అమ్మ సమాధి మీది ఇనుముతోనా మీరు పోయేది?"

 నేను చెప్పులు వేసుకుని షెడ్డుకు నడిచాను.

మస్తానయ్య నన్ను చూడగానే కళ్లకున్న అద్దాలు తీసి పక్కన పెట్టాడు. ఇనుము ఎక్కడిదని అడిగాను. అతను తల గోక్కున్నాడు.

"చెప్పొద్దన్నాడమ్మా."

"ఎవరు?"

"మీ నాయనే. గోతాంలో చుట్టి బస్సు మీదేసుకోని తెచ్చినాడు. కొయ్యొద్దు, నిండు కడ్డీలే వాడమని పక్కనే కూచోని చేయించినాడు."

 దొంగ అయితే నేను తిట్టగలిగేదాన్ని. "రేపు చర్చి నుంచి రాగానే బండి తెస్తాను. కోసెయ్యడానికి సిద్ధంగా ఉండు" అని చెప్పి ఉదయగిరి బస్సెక్కాను.

ముందు సమాధుల దొడ్డికి వెళ్లాను. మస్తానయ్య పొరపాటు చెప్పాడేమో, అక్కడ కంచె ఉంటుందేమో అని ఇంకా మనసులో ఒక మూల అనుకుంటూనే ఉన్నాను. లేదు. మూలల్లో పాతిన నాలుగు గుంజలు మాత్రం తిరగేసిన మంచం కోళ్లలా నిలబడి ఉన్నాయి. కడ్డీలున్నచోట గుంటల్లో కొత్త సిమెంటు పూసి, నున్నగా మెత్తి ఉంది. నాన్న పని అది. గుంటలను అలా చదును చేసే ఓపిక ఇంకెవరికీ లేదు.

ఇంటికి వెళ్లేసరికి ఆయన వసారాలో, కంచెలో మిగిలిన కడ్డీల కట్ట పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు.

"నాయనా, అమ్మ కంచె ఏది?"

"నీ మొగుడి బండికుండాది" అన్నాడు, చెంబు ఎక్కడుందో చెప్పినట్టు. చెయ్యి ఆగలేదు.

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్తే ఒప్పుకుంటావా? అన్నీ సుద్దముక్కతో గీసి చూసే మనిషివి."

"అది అమ్మ సమాధి నాయనా."

"సమాధి ఆడనే ఉండాది గదా. నేనేమన్నా సమాధి ఇచ్చినానా? కంచె ఇచ్చినా. ఆ రోజుల్లో మేకలొచ్చి మట్టి తవ్వేవి, అందుకని కట్టినా. పోయినేడు సంఘం వాళ్లు చుట్టూ గోడ కట్టినారు, గేటు పెట్టినారు. ఇంక మేక ఎట్లొచ్చుద్ది?"

పదిహేనేళ్లుగా నేను ఆ కడ్డీలకు రంగు వేస్తూ, అవి అమ్మ కోసమనుకున్నాను. ఊళ్లో వాళ్లు చూసి ఓబయ్యకు భార్య అంటే ఎంత ప్రేమో అనుకోవాలని కట్టాడనుకున్నాను. మేకల కోసమని ఆయన ఒక్కనాడూ చెప్పలేదు. నేనూ ఒక్కనాడూ అడగలేదు. నిలబడే ఉన్నాను, కూర్చోమని ఆయనా అనలేదు.

"పాత ఇనుము కావాలని అడిగిందెవరు?" అన్నాడు.

నేను వెళ్లి ఆయనకు ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

నాకు తోచింది అడిగాను. "ఆరు మెలికలది కూడా ఇచ్చేశావే."

"ఏంది ఆరు మెలికలది?"

చెప్పాను. అన్నిటికీ ఏడు, ఒక్కదానికే ఆరు. ఏటేటా రంగు వేసేటప్పుడు ముందు దాన్నే వెతికేదాన్నని చెప్పాను. ఆయన చింతపండు పక్కన పెట్టాడు.

"ఆఁ. ఆ పొద్దు కొలిమి తిత్తి కొట్టేవాడు రాలా. నేనే తిత్తి కొట్టి, నేనే తిప్పినా. ఆరో మెలికకాడ ఇనుము చల్లారింది. చల్లారినాక తిప్పితే పగుల్తాది. ఆపేసినా." తరవాత నా వైపు తిరిగి, "ఏపక్క పెట్టినాడు దాన్ని?" అని అడిగాడు.

"ఎడమపక్క. మైక్రోస్కోపు ఉండే వైపు."

"ఏడన్నా పగులుండాదా, చూసినావా?"

"చూశాను. లేదు."

"నీకిష్టం లేకుంటే తీసేయించు. మళ్లా పాతిపెడతాలే" అని చింతపండు ముందుకు లాక్కున్నాడు.

నేను అన్నం తినకుండానే తిరుగు బస్సెక్కాను. దారిలో గుంత వచ్చినప్పుడల్లా, ఎప్పుడెప్పుడు ఎన్ని గుడ్లు పగిలాయో లెక్క గుర్తొస్తూనే ఉంది. తొమ్మిది, ఏడు. ఆ తరవాత ఒక్కటీ లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మావారు బండిని షెడ్డుకు తెచ్చారు. మస్తానయ్య గ్యాస్ సిలిండరు దగ్గరికి లాక్కుని, అద్దాలు పెట్టుకుని ఉన్నాడు.

"కొయ్యమంటారా అమ్మా?"

"వెండిరంగు ఉందా?" అని అడిగాను.

అతను మావారి వైపు చూశాడు. మావారు నా వైపు చూశారు.

"అర డబ్బా ఉండాది. దేనికమ్మా? నలుపే గదా బాగుండేది, మట్టి కనపడదు."

"మాకు ఏటా ఇదే రంగు" అన్నాను.

 నేను కింద కూర్చుని నల్లరంగును గరుకు కాగితంతో రుద్ది, ఆరు కడ్డీలకూ వెండిరంగు వేశాను. ఆరు మెలికల కడ్డీకి రెండు పూతలు వేశాను. వేస్తున్నంతసేపూ నాన్న మీద కోపం తగ్గలేదు. నా మీద అంతకన్నా తగ్గలేదు.

సోమవారం తెల్లవారి ఏడింటికి మావారు మైక్రోస్కోపును ఎడమ పెట్టెలో పెట్టి, మూత నొక్కి, రెండుసార్లు లాగి చూశారు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. బండెక్కేటప్పుడు ఆయన ప్యాంటు పిక్క దగ్గర బెత్తెడు మేర వెండిరంగు అంటుకుంది.

"చూడు, కొత్త ప్యాంటు" అన్నారు.

"పోదులెండి అది. వెళ్లిరండి, వాళ్లు వచ్చి కూర్చోనుంటారు" అన్నాను.