పసుపు పెట్టిన కార్డు

మా ఆయన మాణిక్‌కు మనుషుల పేర్లు గుర్తుండవు, ఇంజన్లు గుర్తుంటాయి. బజారులో ఎవరైనా పలకరిస్తే నోరు తెరుచుకుని నిలబడతాడు. ఆ మనిషి బావి మీది ఆయిల్ ఇంజన్ ఎలాంటి చప్పుడు చేస్తుందో చెబితే మాత్రం, "అరే, నల్లపొగ పటేలా!" అంటూ చేతులు పట్టేసుకుంటాడు. ఇలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చిరునామాలు రాయడమంటే ఎంత ఓపిక కావాలో నన్నడగండి.

ఆ రాత పని ఎందుకొచ్చిందంటే, జహీరాబాద్‌లో చెన్నబసప్ప సేటు వర్క్‌షాపులో ఏళ్ల తరబడి పనిచేసిన మా ఆయన ఒకరోజు పానా కిందపెట్టి ఇంటికొచ్చేశాడు. పాత సామాను బిగించి కొత్తదని చెప్పమంటే చెప్పనన్నాడట. సేటుకు కోపమొచ్చింది.

"ఉగాది దాకా చూస్త. నీ అంతట నువ్వొచ్చి తప్పయిందను, పనిస్త. రాకుంటే ఇంకొకన్ని పెట్టుకుంట," అని పదిమందిలో అన్నాడు.

తప్పెవరిది, తల వంచాల్సిందెవరు! మా ఆయన ఆ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడటం తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది. ఊరూరు తిరిగి సొంతంగా ఇంజన్లు బాగుచేసుకుంటానన్నాడు, బాగానే ఉంది. కానీ ఈయన విడిగా పని చేస్తున్నాడని ఊళ్లకు తెలిసేదెలా? మైకు కట్టుకుని తిరగాలంటే జీపు కావాలి. గోడల మీద రాయించాలంటే పెయింటరు కావాలి. మా అంతస్తుకు అందేది పోస్టుకార్డు ఒక్కటే. నేను ఏడో తరగతి దాకా చదివాను కనుక కలం నా చేతికొచ్చింది.

"న్యాల్‌కల్ అవతల. దగ్గినట్టు కొట్టుకుంటది," అన్నాడు మాణిక్.

"దగ్గేటాయన పేరేంది?"

"దగ్గేది ఆయన కాదే, ఇంజన్! ఆయన పేరు... బస్వరాజ్."

ఇలా ఒక్కొక్క పేరూ పన్ను పీకినట్టు పీకాను. ఒకచోట మాత్రం ఆయనే ఆగిపోయాడు.

"మొగుడంపల్లి, బెల్టు జారే ఇంజన్. దేవమ్మ. ఆమెకు రాయకు."

"ఎందుకు?"

"సేటు తల్లి. ఆమె పుట్టింటి భూమి మీద ఆమెనే సేద్యం చేయిస్తది."

ఇంజన్‌కు బంధుత్వాలేమిటి? ఆయన బీడీ కోసం లేచినప్పుడు ఆమె పేరు కూడా రాసేశాను.

కార్డులు వెళ్లాయి. పది రోజులు దాటినా ఒక్క పురుగు కూడా మా గడప తొక్కలేదు. మాణిక్ ముఖం వేలాడేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. నాకు మాత్రం దిగులు కన్నా ఒక ప్రశ్న ఎక్కువై తినబుద్ధి కాలేదు. పోస్టు డబ్బాలో వేసిన కార్డు ఏమైపోతుంది? ఎవరి చేతికి అందుతుంది? అందుకున్నవాళ్లు దాన్నేం చేస్తారు? నిద్రలో కూడా అదే ధ్యాస. చివరికి పక్కింటి ఖాతూన్ ఆపాను వెంటబెట్టుకుని బస్సెక్కాను. న్యాల్‌కల్ అవతల బస్వరాజ్ ఊళ్లోనే ఆమె అక్క కాపురముంటుంది.

బస్వరాజ్ ఇంట్లో ఆయన భార్య అనంతమ్మ మంచినీళ్లిచ్చింది. నీళ్లు తాగుతూ కళ్లెత్తి చూద్దును కదా, గోడకు వేలాడే ఇనుప తీగకు గుచ్చిన కాగితాల మధ్య నా కార్డు! నా చేతిరాత నన్నే చూస్తున్నట్టనిపించి ప్రాణం ఉసూరుమంది.

"గిది చదివించిన్రా అక్కా?"

"గవన్నీ సర్కారు కాయితాలు. చదివిస్తే ఏదో ఒక ఫికర్. గందుకే తీగకు గుచ్చుతం."

"మరి ఏ కార్డొస్తే చదివిస్తరు?"

"పసుపు పెట్టిందొస్తే పెండ్లి, మూల చింపిందొస్తే చావు. గవైతే గడపలనే చదివిస్తం," అంది అనంతమ్మ, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూస్తూ.

తిరుగు బస్సులో నేను సీట్లో కుదురుగా కూర్చుంటే ఒట్టు. ఇంటికొస్తూనే పసుపు డబ్బా దించి మళ్లీ కార్డులు ముందేసుకున్నాను. నాకు తెలిసిన మర్యాద మాటలన్నీ శుభలేఖల్లోవే. అందుకని, "గురువారం మా ఇంటికి తప్పక దయచేయవలెను" అని మొదలుపెట్టి, ఇంజన్ సంగతి కింద రాసి, నాలుగు మూలలా పసుపు పూశాను.

"ఇంజన్‌కు పసుపేందే?" అన్నాడు మాణిక్.

"నువ్వు జర సప్పుడు చేయకుండ కూసో."

గురువారం పొద్దున వాకిలి ఊడుస్తుంటే మొదటి బస్సు దిగినవాళ్లు ఇటే రావడం కనబడింది. ముందు బస్వరాజ్, కొత్త చీర కట్టుకుని అనంతమ్మ. వెనక తలపాగాలు, చంకల్లో పిల్లలు, చేతుల్లో రవిక బట్టలు, కొబ్బరికాయలు. ఇంకో బస్సు, ఇంకో గుంపు. చీపురు పట్టుకుని అలాగే కొయ్యబారిపోయాను.

"పెండ్లిపిల్ల ఏదమ్మా? పందిరేది?" అని అడిగింది అనంతమ్మ.

అప్పుడు తెలిసొచ్చింది నేను చేసిన నిర్వాకం. పసుపు చూసి, "తప్పక దయచేయవలెను" దాకా చదివించుకుని, మిగతాది ఎవరూ వినలేదు! మా ఆయన నూనె చేతులతో బయటికొచ్చి, వాళ్లనూ నన్నూ చూసి, గోడకు చేరగిలబడ్డాడు. చెప్పక తప్పుతుందా? చెప్పాను.

"ఇంజన్ బాగు చేస్తమని పసుపు కార్డేసిన్రా?" బస్వరాజ్ తలపాగా తీసి దులిపాడు. "పొలం పని ఇడిసిపెట్టి వస్తిమి. మమ్మల్ని నవ్వులపాలు చేస్తిరి గదా!"

ఈ గుంపు ఇలాగే తిరిగిపోతే మా కథ ఊరూరా నవ్వుకుంటారు. ఇంకెవరు పిలుస్తారు మాణిక్‌ను? ఉగాదికి ఆ గుమ్మమే గతి. భయం ఎక్కువైతే నాకు ఏడుపు రాదు, కోపమొస్తుంది.

"తప్పు నాదే. తిట్టుండ్రి, పడత. కానీ నా ఇంటికొచ్చినోళ్లు తినకుండ పోతమంటే ఊకోను!" అని అరిచాను.

అప్పుడు గుంపు వెనక నుంచి ఒక ముసలామె పకపకా నవ్వింది.

"పెండ్లి లేకుంటే లేకపాయె. ఆకలైతే ఉంది కద. పిండి ఏడుంది బిడ్డా?" అంటూ కొంగు బిగించి లోపలికే వచ్చేసింది.

ఖాతూన్ ఆపా ఇంట్లోంచి కట్టెలు మోసుకొచ్చింది. ఆడవాళ్లందరం తలో చెయ్యీ వేశాం. జొన్నరొట్టె, పప్పు, పచ్చిమిరప తొక్కు. విస్తళ్ల ముందు కూర్చున్నాక మాణిక్ నీళ్ల చెంబుతో వరస వెంట నడుస్తూ, ఒక్కొక్కరి ఇంజన్ చప్పుడూ నోటితో చేసి చూపించాడు. దగ్గు వినేసరికి బస్వరాజ్‌కు పొలమారింది, నవ్వాగలేదు.

"అచ్చం నాదే! ఎప్పుడొస్తవు?"

"మా కాడికి?" "మా బావికి?" అని వరసంతా మొదలుపెట్టారు. నా గుండె నిండిపోయి, వడ్డించాల్సిన పప్పు నేల మీద పోశాను.

"ముందు నా బెల్టు," అంది ముసలామె.

మాణిక్ చేతిలో చెంబు ఆగిపోయింది. "దేవమ్మవ్వా!" అని, నా వైపు గుడ్లురిమి చూశాడు. నేను రొట్టెల గంప సర్దుకున్నాను.

సరిగ్గా అప్పుడే చెన్నబసప్ప సేటు గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి మా ఇంటికి పెండ్లికొచ్చిందని ఎవరో చెప్పారట.

"లే అవ్వా, పోదాం పా. పిలవంగనే వస్తవా వీళ్లింటికి?"

ఆమె లేవలేదు. రొట్టె తుంచుకుంటూ నిదానంగా అంది. "నా ఇంజన్ పండుకొని రెండేండ్లాయె. లోకంల ఇంజన్లన్నీ నీ కొట్టుకొస్తయి, నువ్వు నా బావికి రావైతివి. పసుపు పెట్టి నన్ను రమ్మన్నది వీళ్లే కదరా."

సేటు చెప్పులు విడిచి, వరస చివర తలొంచుకుని కూర్చున్నాడు. ఆ తల వంగడం చూడాలని నేనెంత కోరుకున్నానో నాకే తెలుసు. తీరా చూశాక సంతోషం కలగలేదు, జాలేసింది. వేడి రొట్టె తెచ్చి ఆయన విస్తట్లో వేశాను.

ఉగాదికి ముందు మాణిక్ దేవమ్మ బావికి వెళ్లాల్సిన రోజు కుదిరింది. ఆయన్ను అడగకుండానే ఒక కార్డు తీశాను. "గురువారం మీ తల్లిగారి ఇంజన్ మొదలుపెడుతున్నాము, తప్పక దయచేయవలెను" అని రాసి, మూలలకు పసుపు పూసి, సేటు పేరు మీద పోస్టు డబ్బాలో వేశాను.

సేటు వచ్చాడు. చొక్కా విప్పి తాటిచెట్టుకు తగిలించి, మాణిక్ చెప్పినట్టల్లా బెల్టు పట్టుకున్నాడు.