ముందే పడే జవాబు

కర్నూలులో ఓ ప్రైవేటు ఆసుపత్రికి శ్రీవిద్య కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేది. 2006లో రోగుల నమోదు కోసం నల్లటి తెర మీద ఒక్కో ప్రశ్నా అడిగే ప్రోగ్రాము తయారుచేసింది. చీటీలిచ్చే కిటికీ దగ్గర జనం పెరిగిపోతున్నారని మేనేజరు వేణుగోపాల్ విసుక్కోవడంతో, ఎక్కువమంది చెప్పే జవాబు ప్రశ్న పక్కన ముందే పడేలా మార్చింది. సరిపోతే ఎంటర్ నొక్కాలి. లేదంటే చెరిపి వేరేది కొట్టుకోవచ్చు. జిల్లాకు కర్నూలు, ఆడవాళ్ల పనికి హౌస్‌వైఫ్. వరస చకచకా కదిలింది.

ఆ వారమే ఆలూరు వైపు నుంచి గిడ్డమ్మ వచ్చింది. విరిగిన చేతిని తువ్వాలుతో మెడకు కట్టుకుంది. కౌంటరులో గుమాస్తా గోపీనాథ్ ఆమె పేరు, ఊరు అడిగి, పని అడక్కుండానే ఎంటర్ కొట్టి చీటీ ఇచ్చాడు.

“ఏం రాసినావప్పా? చదువు.”

చదివాడు.

“హౌస్‌వైఫ్ అంటే?”

“ఇంట్లో ఉండేదని.”

“ఇంట్లో ఉండేదాన్ని చేన్లో గుంటక తోలేకాడ ఎద్దు తన్నుతాదా? మొగుడు పోయినప్పట్నుంచి సేద్యం నేనే చేస్తాండా. కొట్టేసి రాయి.”

“అది దానంతట అదే పడతాదమ్మా. జరుగు, ఎనక జనముండారు.”

“జరగను.”

నొప్పికి ఆమె మొహమంతా చెమటలు పట్టాయి. అయినా కిటికీ చువ్వ వదల్లేదు. గొడవ విని శ్రీవిద్య లోపలినుంచి వచ్చింది.

“చెరిపేదానికి వీలు పెట్టినా కదా గోపీ?”

“ఇంతమందికి ఎవరు చెరుపుతారు మేడమ్?”

శ్రీవిద్య అతన్ని లేపింది. తానే కూర్చుని ఆ మాట చెరిపి, ఫార్మర్ అని కొట్టింది. “రైతు అని ఉండాదమ్మా” అని చదివి వినిపించాకే గిడ్డమ్మ చువ్వ వదిలింది.

మధ్యాహ్నానికల్లా శ్రీవిద్య ఆ ప్రశ్న పక్కన ముందే పడే మాటను తీసేసింది. ఖాళీగా ఎంటర్ కొడితే ప్రోగ్రాము ముందుకు పోదు. వేణుగోపాల్ మండిపడుతూ వచ్చాడు.

“ఎవరు తీయమన్నారు? మళ్లీ పెట్టు.”

“జిల్లా అట్లే ఉంచినా సార్. పని మాత్రం మనిషిని అడగాల్సిందే.”

“వరస పెరుగుతాది!”

“పెరగనీండి.”

“నేను చెప్తాండా కదా.”

“మీరు చెప్పినా పెట్టను. కావాలంటే ఇంకొకరితో రాయించుకోండి.”

ఆయన ఇంకొకరి కోసం వెతికాడు. ఎవరూ దొరకలేదు. వరస నిజంగానే పెరిగింది. గోపీనాథ్ సణుగుతూనే అడగడం మొదలుపెట్టాడు. కూలి, బీడీలు చుట్టేది, మిషన్ కుట్టేది, టీ అంగడి అని ఆడవాళ్లు చెబుతుంటే ఒక్కోటీ కొట్టాడు.

చివరికి వేణుగోపాల్ రెండో కిటికీ తెరిపించాడు. శ్రీవిద్యతో మాత్రం చాలా రోజులు మాట్లాడలేదు. ఆమె కూడా వెళ్లి పలకరించలేదు.