నీళ్ళాయన ఇంటి కుళాయి

మూడో వాల్వు ఎప్పుడూ మొరాయించేదే. నీళ్ళాయన గోతిలోకి వంగి, పొడుగాటి ఇనప తాళంచెవిని దాని తలకు తగిలించి, రెండు చేతులా బలం పెట్టాడు. అది కదల్లేదు. “నీ దుంపతెగ, ఇవాళైనా మర్యాదగా తిరగవే!” అని తిట్టాడు. తిట్టు పడితే తప్ప తిరగని రకం అది. కిర్రుమంది, పైపులో గుడగుడమంది, నీళ్ళు చేపల వాళ్ళ భవనం వైపు పరుగెత్తాయి. ఆయన నడుం పట్టుకుని లేచి, మోకాళ్ళకంటిన తుప్పు దులుపుకున్నాడు.

విశ్వవిద్యాలయం మొత్తానికి నీళ్ళు వదిలే మనిషి కాబట్టి అందరికీ ఆయన నీళ్ళాయనే. అక్కడ ఎవరు దేని మీద పరిశోధన చేస్తారో ఆయనకు పుస్తకాల వల్ల తెలియదు గానీ, ఫిర్యాదుల వల్ల బాగా తెలుసు. చేపల వాళ్ళకు మందు కలపని నీళ్ళు కావాలి. రసాయనాల వాళ్ళకు గాజు గొట్టాలు చల్లబడాలి కాబట్టి కుళాయి కట్టకూడదు. నేలల వాళ్ళు ఒక మడికి నీళ్ళు పెట్టి, పక్క మడిని ఎండబెట్టి, అది ఎండిపోయిందని రాసుకుంటారు. చరిత్ర వాళ్ళకు టీ కాచుకోడానికి తప్ప నీళ్ళతో పనేలేదు, అయినా అందరికంటే ముందు అరిచేది వాళ్ళే. నీటి పొదుపు మీద పరిశోధన చేసే శాఖలో మరుగుదొడ్డి కుళాయి ఏడాదిగా ధారకట్టి పోతోంది. బాగుచేస్తానని వెళితే, లోపల సెమినార్ జరుగుతోంది తర్వాత రమ్మన్నారు.

నీళ్ళతో సరిపెడితే బాగానే ఉండేది. మనిషి కావలసి వచ్చినప్పుడల్లా ఆయన మీదే పడేవాళ్ళు. వైద్యం వాళ్ళు కదిలే పట్టా మీద పరుగెత్తించి గుండె చప్పుడు గీయించుకున్నారు. నిద్ర మీద పరిశోధించే కుర్రాడొకడు తలకు తీగలు అతికించి, “హాయిగా నిద్రపోండి” అన్నాడు. మనసు శాస్త్రం అమ్మాయి “మీరు సంతోషంగా ఉన్నారా? చాలా, కొంచెం, అసలు లేదు, వీటిలో ఒకటి చెప్పండి” అంది. “మోటారు కాలిపోని రోజు చాలా” అన్నాడాయన. అలాంటి గడి లేదట. చివరికి గుండె ఎలా ఉందో, నిద్ర పట్టిందో లేదో, తను సంతోషంగా ఉన్నాడో లేదో ఒక్కడూ వచ్చి చెప్పలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకాలు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్నారా!

అవన్నీ పోనిద్దాం. ఆయనకు వాళ్ళ దగ్గర్నుంచి కావలసింది ఒక్కటే మిగిలింది, భార్య గొంతు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఫోటోలైతే ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఈ మధ్య ఆవిడ మాటలు గుర్తొస్తున్నాయి గానీ, ఆ గొంతు గుర్తుకు రావడం లేదు. అది ఆయన్ని లోపల్లోపల తినేస్తోంది. అప్పుడెప్పుడో భాషల శాఖ వాళ్ళు క్వార్టర్సుకు వచ్చి, ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి మాటలు రికార్డు చేసుకున్న సంగతి జ్ఞాపకం వచ్చినప్పటి నుంచీ ఆ మెట్లు ఎక్కుతూనే ఉన్నాడు. మేడమ్ సెలవు, కంప్యూటర్ పాడు, అనుమతి కావాలి, రేపు రండి. చెప్పులరిగాయి. ఇవాళ ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు. సాయంత్రం క్వార్టర్ తాళం అప్పగించి, చెల్లెలి ఊరికి బయల్దేరాలి.

భాషల మేడమ్ ఇవాళ దొరికింది. మంచిదే పాపం, కుర్చీ కూడా వేయించింది.

“మీ ఆవిడ గొంతు ఇందులో ఉంది పెద్దాయనా. కానీ ఏది ఆవిడదో మేం చెప్పలేం. పేర్లు తీసేసి నంబర్లు వేశాం. ఏ నంబరు ఎవరిదన్న కాగితం చింపేశాం. అది రూలు.”

“నా పెళ్ళాం గొంతు నాకు తెలియకూడదని రూలేమిటమ్మా?”

“మీకని కాదు, ఎవరికీ తెలియకూడదని.”

“అయితే వినిపించండి. నేనే పోల్చుకుంటాను.”

ఆవిడ తలుపు దగ్గరికి వేసి, వినిపించింది. ఒకామె గొంతు “ఆకు, మేక, ఇల్లు, కొడవలి” అంది. ఇంకొకామె కూడా “ఆకు, మేక, ఇల్లు, కొడవలి” అంది. ఒకరి తర్వాత ఒకరు, బళ్ళో పంతులుకు పాఠం అప్పజెప్పినట్టు బిగుసుకుపోయి అవే మాటలు. నీళ్ళాయన కళ్ళు మూసుకుని, మెడ ముందుకు చాచి విన్నాడు. అందరూ అయిపోయారు. మళ్ళీ వేయమన్నాడు. నాలుగో గొంతు ఆవిడదే అనుకున్నాడు. ఐదోది విన్నాక అదీ అలాగే అనిపించింది. మూడోసారి వినేసరికి ఎవరూ ఆవిడ కారు, అందరూ ఆవిడే. కలిసి కాపరం చేసి, కష్టం సుఖం పంచుకున్న మనిషి గొంతు పోల్చుకోలేకపోయాడు. సిగ్గుతో, కోపంతో ఆయన చెవులు వేడెక్కాయి.

“మాటకీ మాటకీ మధ్య ఏదో ఒకటి అనే ఉంటుంది కదమ్మా? నోరు మూసుకుని కూర్చునే మనిషి కాదు.”

“అన్నారు, అందరూ ఏదో ఒకటి మాట్లాడారు. మేకను మేక అనక గుర్రం అంటామా అని ఒకావిడ మమ్మల్ని వేళాకోళం కూడా చేసింది. అవన్నీ కోసేశాం. మాకు ఈ మాటలే కావాలి.”

ఆ వేళాకోళం చేసిందెవరో నీళ్ళాయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. “సరిగ్గా మనిషిని పారేసి మేకను ఉంచుకున్నారమ్మా” అనేసి లేచాడు. మేడమ్ ముఖం చిన్నబోయింది. అన్నందుకు తర్వాత మెట్ల మీద బాధపడ్డాడు గానీ, వెనక్కి వెళ్ళి సర్దిచెప్పే ఓపిక లేకపోయింది.

ఎండ ముఖం మీద కొడుతుండగా ఇల్లు చేరాడు. ఇల్లంటే ఒక గది, వంటిల్లు, వెనక సిమెంటు గట్టు. గట్టు మీద కుళాయి. కట్టినా ఆగకుండా టప్పు టప్పుమని కారే కుళాయి అది, ఏళ్ళ తరబడి. ఊరందరికీ నీళ్ళిచ్చేవాడి ఇంట్లో కుళాయి కారుతుందని ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. చొక్కా జేబులో వాషర్లు, నడుముకు పానా, చేసే తీరిక మాత్రం లేదు. పొద్దున్న వాల్వులు, మధ్యాహ్నం మోటార్లు, సాయంత్రం ఫిర్యాదులు. ఆ చుక్కల కోసం పిట్టలు చేరేవి. వాటి కోసం పిట్టల అమ్మాయి చేరింది. పిట్టల కూతల మీద పరిశోధన చేస్తున్న ఆ పిల్ల, వెనక గోడకు అరచేతంత పెట్టె ఒకటి కట్టి, తెల్లారగట్ల కూతలు దానంతటదే రికార్డయ్యేలా ఏర్పాటు చేసుకుంది. ఇప్పుడు స్టూలెక్కి ఆ పెట్టె కట్లు విప్పుతోంది.

“వచ్చారా బాబాయ్! మీరు ఖాళీ చేస్తున్నారని తీసేస్తున్నా. కొత్తగా వచ్చేవాళ్ళు ఒప్పుకుంటారో లేదో.”

ఆయన గట్టు మీద కూలబడ్డాడు.

“ఏమైంది బాబాయ్, ఒంట్లో బాలేదా?”

భాషల శాఖ సంగతంతా వెళ్ళగక్కాడు. ఆ అమ్మాయి స్టూలు దిగి, పెట్టె చేతిలో పట్టుకుని దగ్గరికి వచ్చింది.

“బాబాయ్… నా దాంట్లో పిన్ని ఉండేది.”

“ఏ దాంట్లో?”

“ఇందులోనే. కూతలు బాగా పడ్డ రోజునే పిన్ని వచ్చి కేకలేసేది. బకెట్ చప్పుడొకటి. పొద్దున్నే కాస్త మెల్లగా మాట్లాడమని బతిమాలితే, పిట్టలు నన్ను చూసే కూత నేర్చుకున్నాయి పోవే అంది. ఆ ముక్కలన్నీ కోసి పారేశాను.”

“అన్నీనా?” అన్నాడు నీళ్ళాయన. ఇంటి గోడకే పెట్టె పెట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కి దిగాడా తను! “మీరందరూ కోసేవాళ్ళేనా తల్లీ?”

“తెలియలేదు బాబాయ్. అప్పుడది నాకు గోలే.” ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గబగబా సంచిలోంచి కంప్యూటర్ తీసి, తలుపు గడప మీద కూర్చుని వెతికింది. వెతికే కొద్దీ తల అడ్డంగా ఊపింది. ఆయన ఆ తల ఊపడాన్నే చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆగింది. “ఇదొక్కటి. పిట్ట కూత మీదే పిన్ని మాట పడింది. కోస్తే కూత పోతుందని వదిలేశాను.”

ముందు నీటి చుక్కల చప్పుడు. టప్పు, టప్పు. ఏదో పిట్ట సన్నగా ఈల వేసింది. ఆ ఈల మీదే తలుపు దబ్బున తెరుచుకుంది.

“ఏమయ్యోయ్! లోకానికంతా నీళ్ళొదిలొస్తావు, ఇంట్లో కుళాయి కారి కారి చస్తోంది, కళ్ళు కనపడవా? వాషరు ముక్క వేయడానికి ముహూర్తం పెట్టించాలా?”

కాస్త బొంగురు. చివర్న నవ్వు దాచుకున్న విసురు. అదే, అచ్చంగా అదే. నాలుగో గొంతూ కాదు, ఐదో గొంతూ కాదు. నీళ్ళాయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అప్పుడు దూరం నుంచి, ఇంటి లోపల్నుంచి, మగగొంతు ఒకటి బద్ధకంగా పలికింది.

“రేపు చూస్తాలేవే.”

తన గొంతే. పిట్ట మళ్ళీ ఈల వేసింది. అక్కడితో అయిపోయింది.

ఆ అమ్మాయి అది ఆయన ఫోన్లోకి ఎక్కించి, ఎక్కడ నొక్కాలో చూపించింది. ఆయన బుద్ధిమంతుడిలా నేర్చుకున్నాడు. తర్వాత వీధి చివరికి వెళ్ళి, క్వార్టర్ల వాల్వు కట్టి వచ్చాడు. నడుముకున్న పానా తీసి కుళాయి తల విప్పాడు.

“బాగుచేస్తున్నారా? ఇవాళ వెళ్ళిపోతూ?” అంది ఆ పిల్ల. “పిట్టలో మరి?”

“చూస్తానన్నాను కదమ్మా” అన్నాడాయన, పాత వాషరును గోటితో పీకుతూ. అది నల్లబడి, అరిగి, వేళ్ళ మధ్య నుసిలా రాలిపోయింది. జేబులోంచి కొత్తది తీసి బిగించాడు. ఇంతా చేస్తే టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. పట్టనందుకే ఏడుపొచ్చింది. ఆ పిల్ల ఎదుటే, దాచుకోకుండా ఏడ్చాడు.

చెల్లెలి కొడుకు వ్యాను తెచ్చాడు. మంచం, పెట్టె, గిన్నెల మూట ఎక్కించారు. నీళ్ళాయన వాల్వు విప్పి వచ్చి, కట్టేసిన మూట మళ్ళీ విప్పి, ఆవిడ పాలు కాచుకునే సత్తు గిన్నె బయటికి తీశాడు. “అదెందుకు మామయ్యా, ఆలస్యమవుతోంది” అన్నాడు మేనల్లుడు. ఆయన గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్ళి వచ్చి, తాళం పిట్టల అమ్మాయి చేతికిచ్చి, ఆఫీసులో అప్పజెప్పమన్నాడు. వ్యాను మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

పిట్టల అమ్మాయి తన స్టూలు కోసం పెరట్లోకి వెళ్ళింది. కుళాయి చుక్క రాల్చకుండా ఆరిపోయి ఉంది, దాని కింద గట్టు మీద, ఒక పక్క చొట్టపడిన పాల గిన్నెలో అంచుదాకా నీళ్ళున్నాయి.