నర్సుగారి కూతురు

మధ్యాహ్నం రెండో విడత దుప్పట్లు మెషీన్లోంచి బయటికి వచ్చేసరికి ఆసుపత్రి లాండ్రీలో ఊపిరాడటం లేదు. తడిబట్టల మూటలు ఆరబెట్టే గదికి మోసేవాళ్ళు ఆరుగురు ఆడవాళ్ళు. అందరికంటే ముందు నడుస్తున్న తల్లిని, మడతబల్ల దగ్గర నిలబడి కూతురు చూస్తోంది. చూడకూడదని ఎంత అనుకున్నా చూపు అటే పోతోంది. మొన్నటిదాకా పోటీల్లో ఎనభై ఐదు కిలోలు నెత్తిమీదికెత్తి చప్పట్లు కొట్టించుకున్న పిల్ల తలగడ గలేబులు మడతపెడుతోంది. యాభై దాటిన తల్లి మూటలు మోస్తోంది.

ఐదు నెలల కిందట పోటీలో బరువు వెనక్కి జారి ఆ అమ్మాయి కుడిభుజం గూడు తప్పింది. ఆపరేషన్ అయింది. శిక్షణ ఇచ్చిన క్లబ్బువాళ్ళు రెండుసార్లు పళ్ళు పట్టుకొచ్చి పలకరించి, మూడోసారి హాస్టలు గది ఖాళీ చెయ్యమని కబురు పెట్టారు. చెయ్యి కుదురుకుంటుందిగానీ పోటీల మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. అప్పట్నుంచీ గోడవైపు తిరిగి పడుకున్న పిల్లని చూడలేక, తల్లే సూపర్‌వైజరును బతిమాలి సగం కూలికి ఈ మడతపని ఇప్పించింది.

పనిలో చేరిన రోజే ఒక మాట చెవిన పడింది. మెషీన్ దగ్గరి పిన్ని, "నర్సుగారూ, కాస్త ఇటో చెయ్యి వెయ్యండి" అని తల్లిని పిలిచింది. తల్లి నవ్వుతూ వెళ్ళింది. అదేం పిలుపని అమ్మాయి తర్వాత పిన్నినే అడిగింది.

"నువ్వు పెట్టిన పేరేగా తల్లీ. పేపర్లో నీ ఫోటో కింద రాశారు కదా, మీ అమ్మ ఇక్కడ నర్సని. మూడేళ్ళబట్టీ మాకు నర్సుగారే."

అమ్మాయి చేతిలో గలేబు చేతిలోనే ఉండిపోయింది. మీ అమ్మగారేం చేస్తారని ఆ రోజు విలేఖరి అడిగితే ఆసుపత్రిలో పని అంది. నర్సా అని అతనే అడిగాడు. పక్కన క్లబ్బు పెద్దలున్నారు. తల ఊపేసింది. ఆ పేపరును తల్లి ఎవరిచేతో చదివించుకుందనీ, అయినా పదిమందికీ చూపించిందనీ, ఇన్నేళ్ళూ ఈ వేళాకోళం నవ్వుతూ మోసిందనీ ఇప్పుడు తెలిసింది. ఇంట్లో ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. నాలుగు తిట్టి ఉన్నా బాగుండేది. సాయంత్రం ఇంటికి నడుస్తూ అమ్మాయి ఆ సంగతి ఎత్తబోయి రెండుసార్లు ఆగిపోయింది. తల్లి మాత్రం భుజం నొప్పెట్టిందా అని అడిగింది.

మర్నాటి నుంచి ఎవరి మొహమూ చూడలేక తల దించుకునే పనిచేసేది. దించుకున్న కళ్ళకు మోసేవాళ్ళ కాళ్ళు కనిపించేవి. ఒక్కరి పాదమూ సరిగ్గా ఆనడం లేదు, అందరూ నడుం విరిచి వంగుతున్నారు. ఒకరోజు సాయానికొచ్చిన పిన్ని మూట ఎత్తబోయి వంగింది వంగినట్టే ఉండిపోయింది. అమ్మాయికి ఇక ఉండబట్టలేదు. పాదాలు ఎడం పెట్టి, మోకాళ్ళు వంచి, మూటను పొట్టకు ఆనించుకుని ఎలా లేవాలో బల్ల పక్కన నిలబడి చేసి చూపించింది. నువ్వు గుడ్లూ పాలూ తాగి నేర్చుకున్నది మేం గంజి తాగి నేర్చుకోవాలా అని వాళ్ళు నవ్వారు. నవ్వుతూనే నేర్చుకున్నారు. రెండు వారాలకి, నడుం పట్టేయకుండా నిద్రపడుతోందని పిన్ని చెప్పింది. ఐదు నెలల్లో మొదటిసారి అమ్మాయికి పొద్దున్నే లేవాలనిపించింది.

అది సూపర్‌వైజరు కంట్లోనూ పడింది. సోమవారం వచ్చేసరికి మూటకు పది దుప్పట్లు పోయి పదిహేనయ్యాయి. అతను అమ్మాయిని అందరి ముందుకీ పిలిచి మెచ్చుకున్నాడు. ఈ పద్ధతిలో మోస్తే ఆరుగురక్కర్లేదు, నలుగురు చాలన్నాడు. రెండో షిఫ్టువాళ్ళకి కూడా నేర్పితే పూర్తి కూలితో పని ఖాయం చేయిస్తానన్నాడు.

ఆరుగురూ ఆమెవైపు చూశారు. తను నేర్పిన విద్యే వాళ్ళలో ఇద్దరి అన్నం తీసేయబోతోంది.

మూట దగ్గరికి వెళ్ళి ముడికింద ఎడమచెయ్యి దూర్చి కాస్త లేపింది. ఏళ్ళ తరబడి బరువులతో బతికిన చెయ్యి.

"ఇది నలభై కిలోలకి దగ్గరగా ఉంది సార్. గోడమీద బోర్డులో పాతిక మించకూడదని ఉంది."

"ఎనభై ఎత్తినదానివి, నలభైకి బెదిరిపోతే ఎలా?"

"నేనెత్తింది మూడు సెకన్లు సార్. ఎత్తి కింద పడేసేదాన్ని, చప్పట్లు కొట్టేవాళ్ళు. వీళ్ళు రోజుకి అరవైసార్లు ఎత్తాలి. నేను నేర్పను."

ఇంతలో తల్లి, కూతురి మాట గాలికి పోవాలన్నట్టు గబగబా వచ్చి, పాదాలు ఎడం పెట్టి, మోకాళ్ళు వంచింది. కూతురు నేర్పినట్టే, ఎక్కడా తప్పు లేకుండా.

"ఎత్తకమ్మా."

"నీ పని పోతుందే" అంది తల్లి మెల్లిగా.

పిన్ని తన ముందున్న మూట మీద చతికిలబడింది. కాసేపటికి ఆ పక్కనున్నామె కూడా కూర్చుంది. తక్కిన నలుగురూ గోడకు చేరగిలబడ్డారు. మూటల కింద నుంచి నీళ్ళు సాగి సూపర్‌వైజరు చెప్పుల దాకా వచ్చాయి. అతను మేనేజరుకి ఫోన్ చేస్తున్నాడు. తల్లి ఇంకా లేవలేదు. మోకాళ్ళు వంచుకుని, ముడిమీద చెయ్యి వేసి, కూతురి మొహంలోకే చూస్తోంది.