ఎవరూ వాడని జవాబు

కాంతమణి తయారుచేసిన పరీక్షల్లో అసలు పరీక్షే లేదని ఆర్థర్ సోమవారం మధ్యాహ్నం కనుక్కున్నాడు.

రాంగోపాల్‌పేట్‌లో, బట్టల గోదాము పై అంతస్తులో వాళ్ల ఆఫీసు. లిఫ్టుల్లో బరువు లెక్కగట్టే ఒక చిన్న ప్రాసెసర్ కోసం అక్కడ కంపైలర్, అంటే మనిషి రాసిన ప్రోగ్రామును ఆ ప్రాసెసర్ భాషలోకి మార్చేది, తయారవుతోంది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్నచిన్న ప్రోగ్రాములన్నీ కాంతమణి రాసింది. ఒక్కోటీ ఏదో గుణించి, కూడి, ఊరుకునేది. ఆ జవాబు తర్వాత ఎవరికీ అక్కర్లేదు గనక కంపైలర్ లెక్కనే తీసిపారేసేది. లెక్కే లేనప్పుడు తప్పేముంటుంది? తెర మీద అన్నీ పాసైనట్టు పచ్చగా వచ్చేవి.

ఆర్థర్ ప్రతి ప్రోగ్రాము చివరా ఒక లైను చేర్చాడు: వచ్చిన జవాబును సరైన జవాబుతో పోల్చు. పెద్ద సంఖ్యల గుణకారాలన్నీ ఎర్రబడ్డాయి. బరువు పెరిగితే లిఫ్టు లెక్క తప్పుతుందన్నమాట.

ఇద్దరూ కాంట్రాక్టు మీదే ఉన్నారు. పర్మనెంటు పోస్టు ఒక్కటే, శనివారం తేలుతుంది. ఆ పరీక్షల వల్ల అది ఆమెకేనని అందరూ అనుకుంటున్నారు. సంతోషం ఉందేమోనని, కనీసం జాలి ఉందేమోనని ఆర్థర్ లోపల వెతుక్కున్నాడు. చీకటి గదిలో స్విచ్చు కోసం తడిమినట్టు తడిమాడు. గోడే తగిలింది.

ఆమెకు చూపించాడు. చాలాసేపు చూసి, "గిన్ని దినాలు ఉత్త గాలికే పరీక్ష పెట్టిన్నా, అన్నా?" అని నవ్వింది. వెంటనే లేచి మేనేజర్ సదాశివ దగ్గరికి తనే వెళ్లి చెప్పింది. ఆర్థర్ వెనకాల నిలబడ్డాడు.

సదాశివ మంచివాడే. శనివారం దాకా ఆ లైన్లు పక్కన పెడదామని, ఆమె పోస్టు ఖాయమయ్యాక తీరిగ్గా బాగుచేసుకోవచ్చని నెమ్మదిగా చెప్పాడు.

"వద్దు సార్," అంది కాంతమణి. "పర్మనెంటైనంక మీరు సుత ఊకుంటరు, నేను సుత ఊకుంట. నా సంగతి నాకెర్కనే."

శనివారం ఆర్థర్ పేరు వచ్చింది. తప్పు కనిపెట్టింది అతనే కదా అన్నారు. కాంతమణి కాంట్రాక్టు పొడిగించలేదు. పార్టీ బాకీ ఉన్నావని, బిర్యానీకి తక్కువైతే ఒప్పుకోనని అందరి ముందూ అతన్ని ఆటపట్టించి, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని రెజిమెంటల్ బజార్‌లోని ఇంటికి నడిచే వెళ్లిపోయింది.

మరుసటి వారం సదాశివ ఆర్థర్‌ను పిలిచాడు. కంపైలర్ సీడీ కస్టమర్‌కు పంపాల్సిన రోజు దగ్గరపడింది, గుణకారం బాగుచేసే టైము లేదు. ప్రస్తుతానికి ఆ లైన్లు తీసేస్తే రిపోర్టు పచ్చగా వస్తుంది, తర్వాతి సీడీలో చూసుకుందాం అన్నాడు. లోపల ఏదైనా అడ్డుపడుతుందేమోనని ఆర్థర్ కాసేపు ఆగాడు. సదాశివ మంచినీళ్ల గ్లాసు అతని వైపు జరిపాడు. ఆర్థర్ తాగి, సరేనన్నాడు.

లైన్లు తీసేశాడు. తెర పచ్చబడింది.

సాయంత్రం నేరేడ్‌మెట్ బస్సులో నిలబడి ఉండగా కాంతమణి ఫోను చేసింది. ఇంకా ఎక్కడా పని దొరకలేదంది గానీ ఆ మాట మీద ఆగలేదు.

"అన్నా, ఆ లైన్లు ఉన్నయి కదా?"

"ఉన్నాయి."

"అయితే మంచిదే."

అతను తన గొంతును తనే విన్నాడు. వణకలేదు. సీట్లో ఉన్న పెద్దాయన కాస్త జరిగి చోటిచ్చాడు. ఆర్థర్ కూర్చున్నాడు.